తలంబ్రాలు పడే వేళ

రాత్రి పదకొండు దాటింది. మీరు పెదపారుపూడిలో ఒక పెళ్లిపందిట్లో, కెమెరా స్టాండు పక్కన నిలబడి ఉన్నారు. చేల వైపు నుంచి వచ్చిన పురుగులు ఎల్‌ఈడీ లైట్ల చుట్టూ ముసురుతున్నాయి. జీలకర్ర-బెల్లం అయింది. పెళ్లికూతురు చీర మార్చుకుని వచ్చి పీటల మీద కూర్చుంది. మధుపర్కం తెల్లగా ఉంది, దానికి సన్నటి ఎర్ర అంచు. ఆ అంచు ఆమె ఒళ్లో అడ్డంగా పడింది.

కెమెరామన్ మెనూ తెరిచి, 4:2:0 ఉన్నచోట 4:2:2 పెట్టాడు. మానిటర్ వైపు వంగి చూడండి.

మన కన్ను వెలుగులో ఎంత సన్నని తేడానైనా పట్టేస్తుంది. రంగులో అంత పట్టలేదు. కలర్ టీవీ పుట్టినప్పటి నుంచి వీడియో ఈ లోపాన్ని వాడుకుంటూనే ఉంది. ఫుల్ హెచ్‌డీ ఫ్రేములో వెలుగుకు అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు ఉంటాయి. 4:2:0లో రంగుకు దక్కేవి అడ్డంగా 960, నిలువుగా 540. అంటే నాలుగు చుక్కలకు ఒకే రంగు. 4:2:2లో అడ్డంగా సగమే ఉన్నా, నిలువుగా మొత్తం 1080 నిలుస్తాయి. వరిచేలు తీసినప్పుడు ఈ తేడా ఎవరికీ తెలియదు. తెలుపు పక్కనే సన్నటి ఎరుపు అడ్డంగా సాగినప్పుడు తెలుస్తుంది. 4:2:0లో ఆ ఎరుపు తెలుపులోకి పాకి అంచు మొద్దుబారుతుంది.

పెళ్లికూతురి బాబాయి దగ్గరకొచ్చాడు.

"ఏం బాబూ, మా అన్నయ్య పెళ్లి క్యాసెట్టులో వదిన చీర అంచు కనపడనే కనపడదు, ఎర్రగా అలికినట్టుంటుంది. ఇందులోనన్నా నిలుస్తుందా?"

"నిలుస్తుందండీ. అందుకే మార్చాను."

ఆయన చెప్పింది వీహెచ్‌ఎస్ క్యాసెట్టు గురించి. దానిలో వెలుగుకు సుమారు 240 గీతల వివరం ఉంటే, రంగుకు 40 మాత్రమే ఉండేది. పెళ్లి కెమెరాకు అందే ధరలో డిజిటల్ బొమ్మను తెచ్చిన డీవీ క్యాసెట్టు 1995లో వచ్చింది. సెకనుకు 25 మెగాబిట్లు. ప్రతి ఫ్రేమునూ విడివిడిగా సుమారు ఐదో వంతుకు కుదించేది. 2003లో వచ్చిన హెచ్‌డీవీ అవే 25 మెగాబిట్లలో మూడున్నర రెట్లకు పైగా చుక్కల్ని ఇమిడ్చింది. ఒక ఫ్రేమును పూర్తిగా రాసుకుని, తర్వాతి వాటిలో మారినంత మేరకే రాసుకోవడం ద్వారా అది సాధ్యపడింది. ఇప్పటి ఫోన్లూ అదే దారిలో నడుస్తున్నాయి.

భజంత్రీలు ఒక్కసారిగా హోరెత్తించారు. మూడుముళ్లూ పడ్డాయి. అక్షింతలు రాలాయి. తలంబ్రాల పళ్లేలు ముందుకొచ్చాయి.

కెమెరామన్ ఈలోగా కార్డు మార్చాడు, మరో సెట్టింగూ మార్చాడు. ఇక నుంచి ప్రతి ఫ్రేమూ పూర్తిగా నమోదవుతుంది. ఫోర్‌కేలో సెకనుకు 250 మెగాబిట్లు, గంటకు 112 జీబీ పైనే. ఇందాకటి దాకా 100 మెగాబిట్లు, గంటకు 45 జీబీతో సరిపోయింది.

పెళ్లికొడుకు దోసిలి ఎత్తాడు. పసుపు బియ్యం, పూలరేకులు, థర్మకోల్ గుళికలు గాలిలోకి లేచాయి. ఒక ఫ్రేములో ఉన్నది తర్వాతి ఫ్రేములో లేదు. మార్పుల్నే రాసుకునే పద్ధతికి ఇది గడ్డుకాలం. తెర నిండా మార్పే కాబట్టి, తక్కువ మెగాబిట్లలో అదంతా పట్టక గింజలు చదరపు గళ్లుగా కరిగిపోతాయి, వెనకున్న నవ్వులూ చెదిరిపోతాయి. ఈ మానిటర్‌లో మాత్రం గింజ గింజా విడిగా కనిపిస్తోంది. పసుపు అంటిన చెంప మీద లైటు కాస్త ఎక్కువ పడినా కంగారు లేదు. రికార్డింగు పది బిట్లలో జరుగుతోంది. అందులో ఒక్కో వర్ణానికి 1024 మెట్లు ఉంటాయి, ఎనిమిది బిట్లలో 256 మాత్రమే. ఎడిటింగ్‌లో సరిదిద్దినా చర్మం మీద చారలు తేలవు.

వేడుక ముగిసి జనం భోజనాలకు కదిలారు. కెమెరామన్ మళ్లీ చిన్న సెట్టింగుకు వచ్చాడు. బంతిలో కూర్చున్నవాళ్లకు అది చాలు. కుదింపును తప్పుపట్టాల్సిన పనిలేదు, అది లేకపోతే ఏ పెళ్లీ ఏ కార్డులోనూ పట్టదు. ఎక్కడ కుదించాలో, ఎక్కడ కుదించకూడదో ఎదుట జరుగుతున్న తంతును చూసి నిర్ణయించుకోవాలి.

రేపు బంధువుల ఫోన్లకు వెళ్లేది ఎలాగూ చిన్న కాపీయే. పెద్ద ఫైలు ఉంటే దాన్నుంచి చిన్నది ఎప్పుడైనా తీసుకోవచ్చు. తీసేటప్పుడే పోయిన రంగును తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ తెచ్చి ఇవ్వలేదు, మహా అయితే ఊహించి పూస్తుంది. పెళ్లివారు డ్రోన్ ఉందా, ఆల్బమ్ ఎన్ని పేజీలు అని అడుగుతారు. తాళి, తలంబ్రాలు ఏ ఫార్మాట్లో తీస్తారు, అసలు ఫైళ్లు మా చేతికిస్తారా అని కూడా అడగాలి. ఆ ఫైళ్లను రెండు డిస్కుల్లో వేసి రెండు ఇళ్లలో దాచుకోవాలి. పెళ్లి ఖర్చులో అది చాలా చిన్న పద్దు. కానీ ఈ రాత్రిని చూడని పిల్లలకు, ఈ రాత్రి ఎలా ఉందో చెప్పగలిగేది అదే.