తుపాకికి గూడు, కూలికి ఆకాశం

మా కౌకూర్‌లో విమానాల మోత కొత్త గాదు. ఒకవైపు బొల్లారం కంటోన్మెంటు, దాపుననే హకీంపేట వైమానిక స్థావరం. ఒకనాడు నేను రెండవ ప్రపంచ యుద్ధం పాఠం చెబుతుండగా విమానమొకటి తలమీదుగా పోయింది. “బాంబులు పడితే మనవాళ్లు ఎక్కడ దాక్కున్నారు సార్?” అని ఒక కుర్రవాడు అడిగాడు. పుస్తకంలో జవాబు లేదు. సెలవుల్లో విశాఖపట్నం పోయాను.

రామకృష్ణ బీచిలో, కెరటాలు ఇసుకను కోసినప్పుడు బయటపడే కాంక్రీటు గది ఒకటుంది. జనం దానిని బంకరు అంటారు. బాంబులనుంచి తలదాచుకొనే చోటని నేనూ అనుకున్నాను. వంగి చూస్తే గోడలో సన్నని కన్నాలు. అవి మనిషి ఊపిరికోసం పెట్టినవి గావు, తుపాకి గొట్టం కోసం పెట్టినవి. సముద్రంనుంచి దిగే శత్రువును కాల్చడానికి కట్టిన కాపలా గది అది. అందులో పౌరుడికి చోటు లేదు.

1942 ఏప్రిల్ 5న జపాను విమానాలు కొలంబోపై బాంబులు వేశాయి. మరునాడే ‘ర్యూజో’ అనే విమానవాహక నౌకనుంచి లేచిన విమానాలు విశాఖ, కాకినాడలపై విరుచుకుపడ్డాయి. విశాఖే ఎందుకు? 1933లో ప్రారంభమైన రేవు అక్కడ ఉంది. 1941 జూన్ 21న రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేసిన సింధియా నౌకా నిర్మాణ కేంద్రం ఉంది. దాడిలో ప్రాణాలు పోయాయి. జనం మూటాముల్లె సర్దుకొని పల్లెలకు పరుగెత్తారు. ఆ నెలలోనే చెన్నపట్నంలో ప్రభుత్వం తన కార్యాలయాలను లోపలి ఊళ్లకు తరలించుకొన్నది. పాలకులు ఫైళ్లతో సహా కదిలారు. పేదవాడు కాలినడకన కదిలాడు.

అంతకుముందే రంగూన్‌లో మనవాళ్లు ఈ పాఠం నెత్తుటితో నేర్చుకొన్నారు. ఆ రేవులో బరువులు మోసిన చేతులు ఎక్కువగా తెలుగు కూలీలవే; అక్కడ వారిని ‘కోరంగీలు’ అనేవారు. 1941 డిసెంబర్ 23న బాంబులు పడ్డప్పుడు వీధుల్లో నిలబడి ఆకాశం చూస్తున్నవారు వందలాదిగా కూలిపోయారు. తరువాత లక్షలమంది భారతీయులు అడవులు, కొండలు దాటి స్వదేశం దారి పట్టారు. వేలమంది దారిలోనే రాలిపోయారు. మంచి దారి తెల్లవారికి, చెడ్డదారి నల్లవారికి అన్న నింద నాడు దేశమంతటా వినిపించింది.

ఇది వర్ణభేదం మాత్రమేనా? లండన్ చూడండి. స్పెయిన్‌లో బాంబుదాడులను కళ్లారా చూసిన శాస్త్రవేత్త హాల్డేన్, ప్రజలందరికీ లోతైన రక్షణ గృహాలు కట్టాలని 1938లోనే పుస్తకం రాశాడు. ప్రభుత్వం వినలేదు. 1940 సెప్టెంబర్ 14న కమ్యూనిస్టు ఫిల్ పిరాటిన్ వెంట తూర్పు లండన్ పేదలు ధనికుల సవాయ్ హోటల్లోకి ప్రవేశించి, అక్కడి రక్షణ గృహంలో చోటు పుచ్చుకొన్నారు. భూగర్భ రైలు స్టేషన్లనూ జనం అడిగి గాదు, ఆక్రమించి సంపాదించుకొన్నారు. విశాఖలోనూ లండన్‌లోనూ ప్రశ్న ఒక్కటే: కప్పు ఎవరి తలమీద?

తిరిగివచ్చి కుర్రవాడికి చెప్పాను: “మనవాళ్లు దాక్కోలేదు నాయనా, పరుగెత్తారు.”

కాంక్రీటు మిగిలింది గనుక తుపాకి చరిత్ర మిగిలింది. పరుగెత్తిన పాదాల గుర్తులు ఇసుకలో నిలవవు గదా! ఆనాటి పసివాళ్లకు నేడు తొంభై యేళ్లు దాటుతున్నాయి. విశాఖ, కాకినాడల విద్యార్థులు, అధ్యాపకులు ఇప్పుడే పోయి వారి మాటలు రాసుకోవాలి. ఆ పని చేసేదాకా తీరాన ఉన్న ఆ గది చెప్పేది సగం చరిత్రే.