వారసత్వంగా వచ్చిన చేతిగడియారం అసలుదేనా? ఎలా గుర్తించాలి?

పుదుచ్చేరిలోని వైతికుప్పం వంటి సముద్రతీర పేటల్లో పాత వాచీకి శత్రువులు రెండు. ఒకటి ఉప్పుగాలి, రెండోది దాన్ని కొత్తదానిలా మెరిపించాలన్న ఉత్సాహం. మొదటిది మెషిన్‌ను తుప్పు పట్టిస్తుంది. రెండోది వాచీ అసలుదని చెప్పే ఆధారాలనే చెరిపేస్తుంది. అందుకే రిపేరుకు ఇచ్చేముందే పరీక్షించుకోవాలి.

డయల్

మన ఇళ్లలో ఎక్కువగా కనిపించేవి హెచ్‌ఎంటీ వాచీలు. జపాన్ సంస్థ సిటిజన్ సహకారంతో 1961లో బెంగళూరులో వీటి కర్మాగారం ఏర్పాటైంది. హెచ్‌ఎంటీ వాచెస్ మూసివేతకు కేంద్రం 2016లో ఆమోదం తెలిపింది. పాత మెషిన్‌లకు కొత్త రంగుల డయళ్లు బిగించి అమ్మడం ఇప్పుడు మామూలైపోయింది. అక్షరాలు మందంగా అలుక్కుపోయినా, నిమిషాల గీతలు సమదూరంలో లేకపోయినా, కేస్ అరిగిపోయి డయల్ మాత్రం తళతళలాడుతున్నా అనుమానించాలి. అయితే మళ్లీ రంగు వేసిన ప్రతి వాచీ నకిలీ కాదు. ఒకప్పుడు అది మామూలు రిపేరే. కాకపోతే సేకరణదారుల దృష్టిలో విలువ తగ్గుతుంది. మచ్చలున్నా అసలు డయలే మేలు.

మెషిన్

వెనక మూతను కత్తితో తెరవకండి. మెకానిక్ తెరిచినప్పుడు ఫొటో తీసుకోండి. మెషిన్‌పై ఉన్న తయారీదారు గుర్తు, జ్యువెల్స్ సంఖ్య డయల్ మీది రాతతో సరిపోవాలి. ఉదాహరణకు, హెచ్‌ఎంటీ జనతా 17 జ్యువెల్స్ ఉన్న, కీ ఇచ్చే వాచీ. దానిలో బ్యాటరీ మెషిన్ కనిపిస్తే ఎవరో మార్చారన్నమాట.

కండిషన్

తేమ ఎక్కువగా కీ పక్కనుంచే లోపలికి చేరుతుంది. కాబట్టి అక్కడ ఉక్కుకు తుప్పు, ఇత్తడికి చిలుము పట్టాయేమో ముందు చూడాలి. ఏళ్లుగా ఆగి ఉన్న వాచీకి వెంటనే కీ ఇవ్వకూడదు. ఎండిన నూనెతో నడిస్తే ఇరుసులు అరిగిపోతాయి. సర్వీసు తర్వాత పూర్తిగా కీ ఇస్తే, మంచి మెషిన్ ఒక రోజుకు పైగా నడవాలి.

1960లకు ముందు తయారైన వాచీల ముళ్లపై మెరిసే పూత ఉంటే అది రేడియం కావచ్చు. ఇప్పుడు వెలగకపోయినా దాని రేడియోధార్మికత పోదు. రేడియం అర్ధాయువు దాదాపు 1,600 ఏళ్లు. ఆ పూతను గీకకూడదు, పొడి పీల్చకూడదు.

ఏం దాచాలి?

పాత బిల్లు, వెనక మూతపై చెక్కిన పేరు, అదే వాచీ చేతికి ఉన్న కుటుంబ ఫొటో బలమైన సాక్ష్యాలు. మూతకు పాలిష్ పెట్టిస్తే ఆ చెక్కడం అరిగిపోతుంది. మెకానిక్ మార్చిన పాత భాగాలను అడిగి తెచ్చుకోండి. సిలికా జెల్ సంచితో పాటు మూత బిగుతుగా ఉన్న డబ్బాలో వాచీని భద్రపరచండి.