బావరి

గోదావరి తీరాన ఆశ్రమం కట్టుకుని బతికిన వృద్ధ బ్రాహ్మణ గురువు; బుద్ధుడి సమకాలికుడు. పాళీ త్రిపిటకంలోని సుత్తనిపాతం చివరి భాగమైన పారాయణవగ్గం ఈయన కథతోనే మొదలవుతుంది. కోసల నుంచి దక్షిణాపథానికి వచ్చి అస్సక రాజ్యంలో స్థిరపడ్డాడు. ఆ రాజ్యపు రాజధాని పోతన నేటి నిజామాబాద్ జిల్లా బోధన్ అని పలువురు చరిత్రకారుల అభిప్రాయం.

యజ్ఞం ముగించి ఉన్నదంతా దానం చేశాక ఒక బ్రాహ్మణుడు వచ్చి 500 నాణేలు అడిగాడు. బావరి దగ్గర చిల్లిగవ్వ లేదు. ఏడో రోజున నీ తల ఏడు ముక్కలవుతుందని వాడు శపించాడు. భయంతో తిండి మానేసిన బావరికి, తల అంటే ఏమిటో, అది పగలడమంటే ఏమిటో తెలిసినవాడు బుద్ధుడొక్కడేనని ఒక దేవత చెప్పింది. అప్పటికి ఆయన వయసు 120 ఏళ్లని గ్రంథం మాట. తాను వెళ్లలేక అజితుడు, మోఘరాజు, పింగియుడు మొదలైన 16 మంది శిష్యులను పంపాడు. వాళ్లు ప్రతిష్ఠానం, మాహిష్మతి, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, శ్రావస్తి మీదుగా మగధ చేరారు. తెలుగు నేల నుంచి ఉత్తరాదికి సాగిన దారిని ఊరూరా పేర్లతో చెప్పే ఇంత పాత రచన మరొకటి దొరకడం కష్టం.

అవిద్యే తల, దాన్ని పగలగొట్టేది విద్య అని బుద్ధుడు జవాబిచ్చాడు. ముసలివాడైన పింగియుడు తిరిగి వచ్చి ఆ బోధను గురువుకు వినిపించాడు.

నిర్మల్ జిల్లా ఖానాపూర్ దగ్గర గోదావరి మధ్యనున్న బాదనకుర్తిని బావరి నివాసంగా స్థానిక చరిత్రకారులు గుర్తిస్తున్నారు.