గడ్డివాము నుండి గుండెమందు

మన హిజ్లీ క్వార్టర్సులలో, గుండె చికిత్స పిదప నెత్తురు గడ్డకట్టకుండుటకై వార్ఫరిన్ మాత్ర మ్రింగువారు లేకపోలేదు. ఆ మాత్ర చరిత్ర పశువుల కొట్టములో ఆరంభమైనది.

1920 ప్రాంతమున కెనడాలోను, అమెరికా ఉత్తర రాష్ట్రములలోను పశువులకు కొమ్ములు కోసినంతమాత్రమున నెత్తురు కట్టక ప్రాణము పోవుచుండెడిది. బూజుపట్టిన స్వీట్ క్లోవర్ మేతయే కారణమని పశువైద్యుడు స్కోఫీల్డు కనిపెట్టెను. కాని మాంద్యపు రోజులలో పేదరైతుకు వేరు మేత ఏది? 1933 ఫిబ్రవరిలో విస్కాన్సిన్ రైతు ఎడ్ కార్ల్‌సన్ చచ్చిన పెయ్యను, గడ్డకట్టని నెత్తురు డబ్బాను, నూరు పౌనుల ఎండుగడ్డిని లారీలో వేసికొని, మంచుతుఫానులో సుమారు 190 మైళ్లు వచ్చి ఆచార్య కార్ల్ లింక్ ప్రయోగశాల తలుపు తట్టెను. ఆ మేత మానుమనుట తప్ప లింక్ నాడు పెద్దగా ఏమియు చెప్పలేకపోయెను.

ఆ లోటు తీర్చుటకు ఆరేండ్లు పట్టినది. 1939లో ఆయన సహచరుడు కాంప్‌బెల్ ఆ విషమును స్ఫటికములుగా వేరుచేసెను; అదియే డైకుమరాల్. మొక్కకు పరిమళమిచ్చు కుమరిన్ స్వతహాగా ఈ పని చేయదు, బూజు దానిని మార్చును. దీని జ్ఞాతియైన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా అంగడికెక్కెను! 1955లో గుండెపోటు వచ్చిన అధ్యక్షుడు ఐసెన్‌హోవరుకు అదే ఇచ్చిరి.

ఇది శరీరములో విటమిన్ కె పనిని అడ్డగించును. ఆకుకూరలలో ఆ విటమిన్ మెండు. కావున ఒక వారము పాలకూర విరివిగా తిని, మరువారము మానివేసినచో మోతాదు తప్పును. కూర మాననక్కరలేదు, ఏనాడైనను ఒకే కొలతగా తినవలెను. మూలికయే గదాయని వెల్లుల్లి మాత్రలు చేర్చుకొనువారు ముందు వైద్యునికి చెప్పవలెను. అప్పుడప్పుడు నెత్తురు తీసి గడ్డకట్టు కాలము పరీక్షించుట అందులకే.