మూలన నిలబడ్డవాడు

పొద్దున ఆరున్నర. మేడ్చల్ నుంచి శామీర్‌పేట వైపు వెళ్లే దారిలో బండి ఆపి, కాలేజీ గేటు పక్క సందులోంచి మీరు గ్రౌండ్‌లోకి దిగుతున్నారు. డిసెంబర్ చలి చెవుల్ని కొరుకుతోంది. ఒకప్పుడు ఈ చుట్టుపక్కలంతా ద్రాక్ష తోటలు. ఇప్పుడు ప్లాట్ల హద్దురాళ్లు మంచులోంచి ఒక్కొక్కటే తేలుతున్నాయి. గ్రౌండ్ మధ్యలో ఇద్దరు కుర్రాళ్లు తాడు పట్టుకుని కోర్టు కొలుస్తున్నారు. 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. మూడోవాడు గీతల మీద సున్నం పోసుకుంటూ వంగి నడుస్తున్నాడు. మ్యాట్ లేదు. రాళ్లేరి, నీళ్లు చల్లి, తొక్కి తొక్కి గట్టిపరిచిన ఎర్రమట్టి.

మీరు వచ్చింది ఒక్కడి కోసం. డిగ్రీ చివరి ఏడాది చదువుతున్నాడు, ఆడేది ఎడమ కార్నర్. ప్రొ కబడ్డీ జట్ల ముందు పెట్టదగ్గవాడేనా, ఇంకో ఏడాది ఆగాలా అన్నది మీరు చూసి చెప్పాలి.

మెడకు మఫ్లర్ చుట్టుకున్న కోచ్ మీకు ప్లాస్టిక్ కుర్చీ వేయిస్తాడు. వేయించి, చెవిలో చెప్పినట్టు ఒకటే మాట అంటాడు. "సార్, కూతకొచ్చినోన్ని సూడకుండ్రి. అందరు వాన్నే సూస్తరు. మావోని కాళ్లు సూడుండ్రి."

మొదటి కూత మొదలైంది. కబడ్డీ, కబడ్డీ, కబడ్డీ... కళ్లు వాటంతటవే ఆ గొంతు వెంట పోతాయి. బలవంతంగా వెనక్కి లాక్కుని మూలకు తిప్పండి. మనవాడు పక్కవాడి వేళ్లు పట్టుకుని, మోకాళ్లు వంచి, మడమలు కాస్త లేపి నిలబడ్డాడు. వాడి లోకం ఎంత చిన్నదో ఇప్పుడు తెలుస్తుంది. అర కోర్టు లోతు 6.5 మీటర్లు. మధ్యగీత నుంచి 3.75 మీటర్ల దగ్గర బాక్ లైన్, అక్కడి నుంచి ఇంకో మీటరుకు బోనస్ గీత. ఆ వెనక మిగిలేది 1.75 మీటర్లు. మనిషి నిలువు పొడవంత. కార్నర్ బతుకంతా ఆ జాగాలోనే. వెనక్కి అడుగు ఎక్కువ పడితే గీత దాటి అవుట్, ముందుకు తొందరపడితే వేలి కొనకు దొరికిపోతాడు.

రైడర్ కుడికాలు బోనస్ గీత మీదుగా జాపుతున్నాడు. ఏడుగురూ లోపలే ఉన్నారు కాబట్టి బోనస్ ఉంది. ఆరుగురి కంటే తగ్గితే ఉండదు. బోనస్ దక్కాలంటే ముందు కాలు గీత అవతల ఆనాలి, అదే సమయంలో వెనక కాలు గాలిలో ఉండాలి. అంటే ఆ రెప్పపాటు ఒంటి బరువంతా ఒక్క మడమ మీదే. కార్నర్ కాచుకునేది దానికోసమే.

మనవాడి భుజం కదిలింది. చేతులు కదల్లేదు. రైడర్ కాలు నేలకు ఆనకుండానే వెనక్కి పోయింది. వల వేశాడు, ఇతను పడలేదు. మళ్లీ జాపాడు, మళ్లీ ఇతను కదల్లేదు. 30 సెకన్లు దగ్గరపడి రైడర్ ఉత్త చేతుల్తో వెనక్కి నడిచాడు.

స్కోరు పుస్తకంలో ఈ కూతకు రాయడానికేం లేదు. మీరు మాత్రం మీ నోట్‌బుక్‌లో పట్టినవి, తప్పినవి అన్న రెండు గళ్ల పక్కన మూడో గడి గీయండి. ఇతని వైపు వచ్చి ఏమీ దొరక్క మళ్లినవి. నా మట్టుకు నేను కార్నర్‌ను తూచేది ఈ గడితోనే. కోచ్ మీ పెన్ను వైపు చూసి తలూపుతాడు. "పట్టినయి అందరు లెక్కవెడ్తరు. పట్టకుండ ఆగినయి ఎవరు లెక్కవెడ్తరు సార్?"

నాలుగో కూతకు తప్పు జరిగింది. రైడర్ ఇంకా మధ్యలోనే ఉన్నాడు, సగం ఇటు తిరిగి ఉన్నాడు. మనవాడు ఒక్క ఉదుటున తొడ మీద పడ్డాడు. వేళ్లు జారాయి. రైడర్ ఎగిరి మధ్యగీత మీద పడ్డాడు. సాయం రాబోయిన కవర్ డిఫెండర్‌కూ చెయ్యి తగిలింది. ఒక్క తొందరకు ఇద్దరు అవుట్.

"ఏం తొందర్రా నీకు? కాలు రానియ్యాలె గదా!"

కుర్రాడు మాట్లాడకుండా బయటికొచ్చి కూర్చున్నాడు. ఇప్పుడు కోర్టు వైపు చూడొద్దు, కూర్చున్నవాణ్ని చూడండి. మనిషి బయటపడేది ఇక్కడే. కొందరు మట్టి గిల్లుతారు, కొందరు కవర్ మీద కోపం చూపిస్తారు. ఇతను మోచేతి మీది మట్టి కూడా తుడుచుకోలేదు. అదే రైడర్ మళ్లీ వస్తే వాడి పాదాలనే చూస్తున్నాడు. మూడు కూతల పాటు తల ఎత్తలేదు. పెదాలు మెల్లగా కదులుతున్నాయి. లెక్కబెడుతున్నాడు. జాపే ముందు ఆ రైడర్ ఎడమ మడమను ఒకసారి నేలకు నొక్కుతాడు. అది మీకు కనిపించడానికి ఇంకో రెండు కూతలు పట్టింది.

ఆట మధ్యలో కోచ్ కాగితం ఇస్తాడు. ఎత్తు, బరువు, పరుగు టైములు. మడిచి జేబులో పెట్టేయకండి, కొలతలంటే నాకూ గౌరవమే. ఇక్కడికి దగ్గర్లోనే, రాజీవ్ రహదారి మీది హకీంపేటలో 1993లో మొదలైన స్పోర్ట్స్ స్కూల్ ఉంది. నాలుగో తరగతిలో చేర్చుకునే పిల్లలకు 30 మీటర్ల పరుగు, షటిల్ పరుగు, నిలబడి ముందుకు దూకడం, మెడిసిన్ బాల్ విసరడం, 800 మీటర్ల పరుగు అన్నీ పెట్టి చూస్తారు. అమెరికాలోనైతే కాలేజీ ఫుట్‌బాల్ కుర్రాళ్లను ఏటా ఇండియానాపొలిస్‌కు పిలిచి 40 గజాలు పరిగెత్తిస్తారు, 225 పౌండ్ల బరువు ఎన్నిసార్లు ఎత్తగలరో లెక్కిస్తారు. ఎదుటి జట్టు గోడను బద్దలుకొట్టే డిఫెన్సివ్ లైన్ కుర్రాడి విషయంలో మొదటి 10 గజాల టైమును విడిగా చూస్తారు. అతని పని ఆ కాస్త దూరంలోనే అయిపోతుంది గనుక. మన కార్నర్‌కు ఆ దూరం ఇంకా తక్కువ. ఆ ఒకటిన్నర అడుగు ఉరుకును ఏ గడియారంతో పట్టాలి?

కాగితంలో మిమ్మల్ని ఆపే అంకె ఒకటి ఉంది. 74 కిలోలు. సీనియర్ పురుషుల్లో 85 దాకా ఉండొచ్చు. 80 దాటిన రైడర్ ఒంటికాలితో ఈడ్చుకుపోతే ఇతను ఆపగలడా? ఆ అంకె చుట్టూ గీత గీసి ఉంచుకోండి.

ఇవాళ ఈ మూలకు వెల ఉంది. 2014లో ప్రొ కబడ్డీ మొదటి వేలంలో అందరికన్నా ఎక్కువ పలికిన రాకేశ్ కుమార్ ధర 12.80 లక్షలు. 2018లో కోటి అందుకున్న మొదటి ఆటగాడు ఇరాన్ ఎడమ కార్నర్ ఫజల్ అత్రాచలి. అదే ఏడాది జకార్తా ఆసియా క్రీడల సెమీఫైనల్‌లో ఇరాన్ మనల్ని 27-18తో ఓడించింది. 1990 నుంచి అప్పటిదాకా ప్రతిసారీ బంగారమే తెచ్చిన జట్టు మనది. ఆ రాత్రి నేను అన్నం ముట్టలేదు. ఆ ఇరాన్ జట్టులోని అబోజర్ మిఘాని తర్వాత గచ్చిబౌలిలో తెలుగు టైటన్స్ కుడి మూలన నిలబడ్డాడు, ఎడమ మూలన విశాల్ భరద్వాజ్. మడమ పట్టు ఎలా ఉండాలో మన పిల్లలు ఆ ఇద్దర్నీ చూసి నేర్చుకున్నారు.

హకీంపేట వైమానిక స్థావరం వైపు నుంచి విమానం ఒకటి నెత్తి మీదుగా ఉరుముతూ పోయింది. కూత వినిపించలేదు. అంపైర్ చెయ్యెత్తి ఆట ఆపి మళ్లీ మొదలుపెట్టించాడు.

మనవాడు తిరిగి లోపలికొచ్చాడు. కోర్టులో ముగ్గురే మిగిలారు. అవతలి జట్టుకు వరుసగా రెండు కూతలు ఖాళీగా పోయాయి, ఇది డూ ఆర్ డై. వచ్చినవాడు పాయింట్ తేవాలి, లేదంటే అవుట్. ముగ్గురే ఉండగా పట్టేస్తే సూపర్ టాకిల్, రెండు పాయింట్లు. వచ్చింది ఆ రైడరే.

పది సెకన్లు. కుడి మూల వైపు తిరిగాడు, ఏం దొరకలేదు. ఇరవై. ఇటు తిరిగాడు. మనవాడు అర అడుగు వెనక్కి జరిగాడు. మడమ వెనక ఇక సున్నం గీతే. కుర్చీ అంచుకు జరిగింది మీరే. రైడర్ ఎడమ మడమ నేలకు నొక్కుకుంది.

కుడికాలు వచ్చింది. ఈసారి చేతులు ముందే అక్కడున్నాయి. రెండు అరచేతులూ మడమను కరిచాయి, గడ్డం ఛాతీకి ఆనింది, తల బయటివైపు తప్పుకుంది. తల లోపలుంటే రైడర్ మోకాలు నేరుగా కణతకు తగులుతుంది. ఆ జాగ్రత్త కూడా చూసి రాసుకోండి. రైడర్ ఈడ్చాడు. ఒక అడుగు ఈడ్చుకుపోయాడు, మట్టిలో రెండు గాడులు పడ్డాయి. చుట్టూ గీత గీసిన 74 మీ కళ్ల ముందే కదులుతోంది. కవర్ పరిగెత్తుకొచ్చి భుజంతో గుద్దాడు. ముగ్గురూ కలిసి పడ్డారు. రైడర్ చెయ్యి మధ్యగీతకు జానెడు దూరంలో ఆగిపోయింది. కూత తెగింది.

ఈల. అరుపులు. కోచ్ మఫ్లర్ విప్పి మళ్లీ చుట్టుకుంటున్నాడు.

మీరు రాసేది ఇది. ఓపిక ఉంది. చేసిన తప్పును ఆ ఆటలోనే దిద్దుకున్నాడు. తల ఎక్కడ పెట్టాలో తెలుసు. ఆరు కిలోలు పెరగాలి. సాయం రాకుండా ఒంటరిగా ఆపలేడు, ఇప్పుడైతే ఆపలేడు. మట్టి మీద పెరిగిన కాళ్లు మ్యాట్ మీద ఎలా ఉంటాయో చూడాలి. ఈ ఏడాదే వేలానికి తొందరపడొద్దు, ముందు ఏదైనా శిబిరంలో మూడు నెలలు మ్యాట్ మీద నిలబెట్టండి. కానీ వదులుకోవద్దు. ఈ చివరి మాట కింద రెండు గీతలు గీయండి.

ఎండ సున్నం గీతల మీదికి వచ్చింది. కుర్రాడు మీ దగ్గరికొచ్చి చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. మోచేతి దగ్గర తోలు లేచి ఉంది. సెలెక్ట్ అవుతానా అని అడుగుతాడని మీరు జవాబు వెతుక్కుంటున్నారు.

"సార్, మ్యాట్ మీద ఎనకకు జరిగితే షూ జారుతదా, పట్టుకుంటదా?"