పచ్చ పూత కథ

పాత కంప్యూటర్‌నో, రేడియోనో విప్పి చూస్తే లోపల పచ్చటి పలక కనిపిస్తుంది. దాని మీద సన్నటి గీతలు, వెండిలా మెరిసే చుక్కలు ఉంటాయి. ఆ పచ్చదనం పలకకు సహజంగా ఉన్న రంగేనని చాలామంది అనుకుంటారు. కాదు, అది పైన వేసిన పూత. అతుకు పడవలసిన చుక్కలను మాత్రం వదిలి తక్కిన రాగినంతా కప్పి, కరిగిన టంకం అక్కడ అంటుకోకుండా ఆపడం దాని పని. దీనిని సోల్డర్ రెసిస్ట్ అంటారు. చూడటానికి మామూలు రంగులాగే ఉన్నా, ఇది ఇంజినీర్లను పెట్టిన తిప్పలు తక్కువేమీ కావు.

మొదట్లో దీని అవసరమే లేదు. రేడియో భాగాలను తీగలతో కలిపి, బిందెకు మాటు వేసినట్టు ప్రతి అతుకునూ చేత్తో వేసేవారు. వియన్నాలో పుట్టి 1936లో ఇంగ్లండు చేరిన పాల్ ఐస్లర్ అనే ఇంజినీరు, తీగల స్థానంలో రాగి రేకు గీతలను వాడవచ్చని చూపాడు. రేకును పలకకు అతికించి, అక్కర్లేని రాగిని రసాయనంతో కరిగించివేయడం ఆయన పద్ధతి. 1943లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. తీగలు పోయాయి గాని, అతుకులు చేతిపనిగానే మిగిలాయి.

1949లో అమెరికా సైన్యపు సిగ్నల్ కోర్‌కు చెందిన అబ్రామ్సన్, డాంకో ఈ చిక్కు విప్పారు. భాగాల కాళ్లను రంధ్రాల్లో దూర్చి, పలక అడుగును కరిగిన టంకంలో ఒక్కసారి ముంచితే అతుకులన్నీ ఒకేసారి పడతాయి. తరువాత 1950లలో, ఉబికివచ్చే టంకపు అల మీదుగా పలకను నడిపించే యంత్రాలు వచ్చాయి.

అసలు సమస్య ఇక్కడే మొదలైంది. టంకంలోని తగరం రాగితో కలిసి సమ్మేళనంగా ఏర్పడుతుంది. అందుకే టంకం రాగిని గట్టిగా పట్టుకుంటుంది. కాని ఇది అతుకు కావాలో వద్దో చూడదు, రాగి కనిపించిన ప్రతిచోటా పరుచుకుంటుంది. పక్కపక్కనున్న రెండు గీతల మధ్య వంతెన కడితే ఆ పరికరం పనిచేయదు. అందుకని పెళ్లికార్డులు అచ్చువేసే స్క్రీన్ ప్రింటింగ్ పద్ధతిలోనే ఎపాక్సీ సిరాను పలక మీద అద్దడం మొదలుపెట్టారు. ఎపాక్సీని టంకం పట్టుకోదు. వంతెనలు తగ్గాయి.

అయితే కొంతకాలానికి మరో వింత రోగం బయటపడింది. అల మీదుగా వెళ్లివచ్చిన పలకల పూత కాచిన పాల మీద మీగడలా ముడతలు పడేది. కొన్నిచోట్ల పగిలి పెచ్చులూడేది. ఆ సందుల్లోకి తేమ, ఫ్లక్స్ చేరితే తరువాతెప్పుడో, పరికరం కొన్నవాడి ఇంట్లో, లోపం బయటపడేది. నింద సహజంగానే సిరా మీద పడింది. నిజానికి దోషం సిరాది కాదు, దాని కింద ఉన్నదానిది.

అప్పటి పలకల్లో, ఉంచుకోవలసిన రాగి గీతల మీద తగరం–సీసం పొర ఎక్కించేవారు. రాగిని కరిగించే రసాయనం ఆ పొరను ముట్టుకోదు కనుక దాని కిందనున్న గీత భద్రంగా ఉంటుంది. పని పూర్తయ్యాక ఆ పొరను అలాగే ఉంచి దాని మీదే పచ్చ పూత వేసేవారు. 63 శాతం తగరం, 37 శాతం సీసం ఉన్న మిశ్రలోహం 183 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది. యంత్రంలోని అల ఉష్ణోగ్రత దాదాపు 250 డిగ్రీలు. అంటే పూత అడుగునున్న నేలే ద్రవమయ్యేది! తలతన్యత వల్ల ఆ ద్రవం గుట్టలుగా చేరుతూ పూతను తనతో లాక్కుపోయేది. చల్లారాక ఆ ముడతలు అలాగే గడ్డకట్టేవి.

పరిష్కారం వినడానికి తేలిక: గీతల మీది తగరం–సీసం పొరను తీసివేసి, నేరుగా రాగి మీదే పూత వేయాలి. డబ్బు పెట్టి ఎక్కించిన లోహాన్ని మళ్లీ తీసివేయడమంటే ఏ కర్మాగారానికి ఇష్టం? పైగా తెరిచి ఉంచిన చుక్కల మీద టంకం మళ్లీ ఎక్కించాలి. పలకను టంకంలో ముంచి, పైకి తీస్తూ అదనపు టంకాన్ని వేడిగాలితో ఊదివేసే యంత్రాలు వచ్చాక దారి దొరికింది. 1980లలో ఈ పద్ధతి బాగా వ్యాపించింది.

ఈలోగా భాగాలు చిన్నవయ్యాయి. 2.54 మిల్లీమీటర్ల ఎడంతో ఉండే కాళ్లు 1.27కు, ఆపైన 0.5కు దగ్గరయ్యాయి. అంత సన్నటి చోట స్క్రీన్ అచ్చు కాస్త పక్కకు జరిగితే చాలు, సిరా చుక్క మీదికి పాకి అతుకే పడదు. ఇక ఫొటో పద్ధతి వచ్చింది. పలకంతా ద్రవ పూత వేసి, ఫిల్ము గుండా అతినీలలోహిత కాంతి ప్రసరింపజేస్తారు. కాంతి తగిలినచోట పూత గట్టిపడుతుంది. తగలనిచోట పలచటి సోడియం కార్బొనేట్ ద్రావణంలో, అంటే మన చాకలి సోడా నీళ్లలో, కొట్టుకుపోతుంది. రెండు చుక్కల మధ్య 0.1 మిల్లీమీటరు గట్టు నిలబెట్టడం దీనివల్లే సాధ్యమైంది.

2006 జులై 1 నుంచి ఐరోపా సమాఖ్య ఎలక్ట్రానిక్ వస్తువుల్లో సీసాన్ని చాలావరకు నిషేధించింది. మన దేశపు 2011 నాటి ఈ-వ్యర్థాల నియమాలు కూడా దానికి పరిమితి పెట్టాయి. సీసం లేని తగరం–వెండి–రాగి టంకం దాదాపు 217 డిగ్రీల వద్ద గాని కరగదు. అందువల్ల పచ్చ పూత ఇంకా ఎక్కువ వేడిని తట్టుకోవలసి వచ్చింది.

1970ల నాటి పలక ఏదైనా మీ చేతికొస్తే వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూడండి. వెడల్పాటి గీతల మీద ఆ ముడతలు కనిపించవచ్చు.