బెంగళూరులో శాస్త్ర పరిశోధన, సూపర్ కంప్యూటర్లు

బెంగళూరు అనగానే సాఫ్ట్‌వేర్ కంపెనీలు గుర్తుకొస్తాయి. కానీ ఈ ఊళ్లో భారీ లెక్కల యంత్రాలు ముందుగా కావలసి వచ్చింది విమానాల వాళ్లకూ వానల వాళ్లకూ. రెక్క మీద గాలి ఎలా పారుతుంది, నైరుతి ఎప్పుడు వస్తుంది: ఇక్కడి సూపర్ కంప్యూటింగ్ తొలి దశాబ్దాలు చాలావరకు ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరిగాయి.

1909లో ఏర్పడిన భారతీయ విజ్ఞాన సంస్థను బయట ఐఐఎస్‌సీ అంటారు. పాత బెంగళూరు వాళ్లకు మాత్రం అది ఇప్పటికీ టాటా ఇన్‌స్టిట్యూటే. అమెరికాలోని విస్కాన్సిన్ నుంచి అతిథిగా వచ్చిన విన్సెంట్ రైడవుట్ 1950ల నడుమ అక్కడ ‘ప్రెడా’ అనే అనలాగ్ కంప్యూటర్ నెలకొల్పారు. అది అంకెలతో పనిచేయదు. విద్యుత్ వోల్టేజీని రాశిగా పెట్టి, అవకలన సమీకరణాలను తీగల్లో నడిపి చూపిస్తుంది. అక్కడ డిజిటల్ యుగం 1970లో మొదలైంది. ఆ ఏడు ఏర్పడిన కంప్యూటర్ కేంద్రంలో ఐబీఎం 360/44 యంత్రం ఉండేది. ప్రెడా రోజుల్లో అక్కడే విద్యార్థిగా ఉన్న వి. రాజారామన్, 1982లో కాన్పూర్ ఐఐటీ నుంచి తిరిగివచ్చి ఈ కేంద్రాన్ని పన్నెండేళ్లు నడిపించారు. ఆయన రాసిన ఫోర్ట్రాన్ పుస్తకం చదవని పాతతరం ఇంజనీర్లు అరుదు. 1990లో ఈ కేంద్రమే సూపర్ కంప్యూటర్ విద్యా పరిశోధన కేంద్రంగా, అంటే ఎస్‌ఈఆర్‌సీగా మారింది.

ఫ్లోసాల్వర్

1980లలో అందరి కళ్లూ అమెరికా కంపెనీ క్రే తయారుచేసే సూపర్ కంప్యూటర్ల మీదే. ఐఐఎస్‌సీకి ఒకటి తెప్పించాలని చూస్తే అమెరికా అనుమతి దొరకలేదు. ఢిల్లీ వాతావరణ కేంద్రానికి కూడా అడిగిన రెండు ప్రాసెసర్ల యంత్రం కాకుండా ఒకే ప్రాసెసర్ ఉన్న ఎక్స్-ఎంపీ 14 వచ్చింది, అదీ సవాలక్ష షరతులతో. ఆ రోజుల్లోనే, 1988లో, సొంత సూపర్ కంప్యూటర్ల కోసం పూణేలో సీ-డాక్ అనే ప్రభుత్వ సంస్థ పుట్టింది, అందులోని విజయ్ భట్కర్ బృందం 1991లో పరమ్ 8000 తయారుచేసింది. అందరూ చెప్పుకునే కథ ఇదే.

ఈ కథలో ఒక పేరు జారిపోతూ ఉంటుంది. సీ-డాక్ పుట్టక ముందే, 1986లో, బెంగళూరులోని జాతీయ వైమానిక పరిశోధన సంస్థ ఎన్‌ఏఎల్‌లో ఫ్లోసాల్వర్ మార్క్-1 నడిచింది. దేశంలో తొలి సమాంతర కంప్యూటర్‌గా దాన్నే చెప్పాలి. అప్పటి ఎన్‌ఏఎల్ డైరెక్టర్ రొద్దం నరసింహ. బెంగళూరులో పుట్టిన ఆ వాయుగతి శాస్త్రవేత్త ఇంటిపేరు మన అనంతపురం సీమలోని, నేటి శ్రీ సత్యసాయి జిల్లా రొద్దం ఊరిదే. యంత్రాన్ని నిర్మించింది యు.ఎన్. సిన్హా బృందం. ఇంటెల్ 8086 చిప్పులు నాలుగింటిని జతచేస్తే వచ్చిన యంత్రమది. చిప్పులు బజారులో దొరికేవే. నేర్పు అంతా లెక్కను వాటికి పంచడంలో ఉంది.

పెద్ద పొలాన్ని మడులుగా చేసి ఒక్కో మడిని ఒక్కొక్కరికి అప్పగిస్తే నాట్లు త్వరగా పూర్తవుతాయి. అయితే గాలి మడి గట్టు దగ్గర ఆగదు. అంచున ఏం జరిగిందో ప్రతి అడుగులోనూ పక్కవాడికి చెప్పాలి. ఆ చెప్పుకోవడానికే పొద్దుపోతే మనుషుల్ని ఎంత పెంచినా లాభం లేదు. ఎన్‌ఏఎల్ వాళ్లు తరువాతి మార్క్ యంత్రాల్లో ఈ చిక్కు మీదే పనిచేశారు. సందేశాన్ని చేరవేయడమే కాక దారిలోనే కొన్ని లెక్కలు కూడా చేసేసే ‘ఫ్లోస్విచ్’ అలా వచ్చింది. 1990లలో ఢిల్లీ వాతావరణ నమూనా టీ-80ని ఫ్లోసాల్వర్ మీద సమాంతరంగా నడిపారు. తరువాత ‘వర్ష’ అనే సొంత నమూనా కూడా తయారైంది. హైదరాబాదులో కూడా డీఆర్‌డీఓ సంస్థ అనురాగ్, వాయుగతి లెక్కల కోసం ‘పేస్’ అనే సమాంతర యంత్రం నిర్మించింది.

టెరా నుంచి పెటా

2003లో సీ-డాక్ బెంగళూరు కేంద్రంలోని పరమ్ పద్మ ప్రపంచ టాప్ 500 జాబితాలో 171వ స్థానం పొందింది. సెకనుకు లక్ష కోట్ల లెక్కలు చేసే యంత్రమది. 2015లో ఎస్‌ఈఆర్‌సీలో ‘సహస్రటి’ నెలకొని అదే జాబితాలో 79వ స్థానానికి చేరింది. అది క్రే కంపెనీ యంత్రమే! ఒకప్పుడు రానివ్వని సరుకు కొని తెచ్చుకునే రోజులొచ్చాయి. అదే ఏడు రూ.4,500 కోట్లతో జాతీయ సూపర్ కంప్యూటింగ్ మిషన్ ఆమోదం పొందింది. దాన్ని నడిపే బాధ్యత సీ-డాక్, ఐఐఎస్‌సీలది. ఆ మిషన్ కింద 2022లో ఐఐఎస్‌సీలో పరమ్ ప్రవేగ వచ్చింది. దాని గరిష్ఠ వేగం 3.3 పెటాఫ్లాప్‌లు, అంటే సెకనుకు 3,300 లక్షల కోట్ల లెక్కలు. జక్కూరు దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ శాస్త్ర కేంద్రంలో పరమ్ యుక్తి ఉంది.

కృత్రిమ మేధ

యంత్ర అభ్యసనానికి కావలసిన గ్రాఫిక్స్ ప్రాసెసర్లు ఇతర శాస్త్రాలకూ కలిసొచ్చాయి. మెదడు స్కాన్ల నుంచి నరాల తంతువుల దారులను తేల్చే లెక్కను ఐఐఎస్‌సీకి చెందిన దేవరాజన్ శ్రీధరన్ బృందం ఈ చిప్పుల మీదికి మార్చింది. 2022లో ప్రకటించిన ఆ పద్ధతి పాతదానికన్నా 150 రెట్ల వరకు వేగంగా నడిచింది. అక్కడే శ్రీతోష్ గోస్వామి బృందం 2024లో ఒక అణుపొర మెమరీ పరికరాన్ని ప్రకటించింది. మామూలు చిప్పులో ఒక బిట్‌కు సున్నా, ఒకటి అనే రెండు స్థితులే ఉంటాయి. ఇందులో 16,500 స్థితులున్నాయి. కృత్రిమ మేధ తినేసే కరెంటును తగ్గించాలన్నది వారి ఉద్దేశం.

కృత్రిమ మేధ పాత లెక్కలను పక్కకు నెట్టేసిందనడం తొందరపాటు. వాతావరణ అంచనాల్లో దాని పాఠాలు చాలావరకు భౌతిక సమీకరణాలతో సూపర్ కంప్యూటర్ల మీద దశాబ్దాల పాటు పునర్నిర్మించిన గాలి, తేమ లెక్కలే. 2025 ఖరీఫ్‌లో కేంద్ర వ్యవసాయ శాఖ వాడిన నమూనాల్లో ఒకటైన గూగుల్ న్యూరల్‌జీసీఎం కూడా అలాంటిదే. గాలి కదలికను అది పాత సమీకరణాలతోనే లెక్కిస్తుంది, మేఘాల వంటి సూక్ష్మ విషయాలను మాత్రం నేర్చుకున్న జ్ఞానానికి వదిలేస్తుంది. ఆ ఏడు 13 రాష్ట్రాల్లో సుమారు 3.8 కోట్ల మంది రైతుల ఫోన్లకు, నాలుగు వారాల ముందు నుంచే, వాన ఎప్పుడు మొదలవుతుందో చెప్పే సందేశాలు వెళ్లాయి.